అత్తెసరు పాస్తా

పాస్తా ఉడికించడానికి ఇటలీ ఇళ్ళలో నోటికి వచ్చిన లెక్క ఒకటుంది: 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు. నలుగురికి 300 గ్రాములు వండాలంటే 3 లీటర్ల నీళ్ళు, 30 గ్రాముల ఉప్పు అన్నమాట. పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లాలి, పాస్తా వేయాలి, ఉడికాక చిల్లుల గిన్నెలోకి వంచాలి. ఈలోగా పక్క పొయ్యి మీద బాణలిలో సాస్ విడిగా తయారవుతుండాలి. ఇంత హడావిడి చేసినా ఆ 300 గ్రాముల పాస్తా తాగేది 400 మిల్లీలీటర్లే. మిగిలిన రెండున్నర లీటర్లు సింకులో పోతాయి. వాటితోపాటే ఉప్పులో ముప్పాతిక పైగా, పాస్తా విడిచిన గంజి, ఆ నీళ్ళను మరిగించడానికి కాలిన గ్యాసు కూడా.

గంజి వార్చి అన్నం వండిన ఇళ్ళకు ఇందులో వింతేమీ లేదు. అయితే ఆ ఇళ్ళకే రెండో పద్ధతీ తెలుసు. బియ్యం ఎంత నీరు తాగుతుందో అంతే పోసి, వార్చే పని లేకుండా ఇగిరేదాకా ఉడికించే అత్తెసరు. పాస్తాను కూడా అత్తెసరుగా, సాస్‌తో కలిపి ఒకే గిన్నెలో వండవచ్చా? వండవచ్చు. కాకపోతే నీళ్ళ లెక్క కుదరాలి. ఒక్క గిన్నె పాస్తా బాగా వచ్చిందన్నా, ముద్దయిందన్నా, అడుగంటిందన్నా కారణం దాదాపు ఎప్పుడూ నీళ్ళే.

ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్నవాడు అమెరికన్ రచయిత హెరాల్డ్ మెగీ. వంటింటి రసాయనశాస్త్రం మీద 1984లో ఆయన రాసిన 'ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్' నేటికీ వంట నేర్పే కాలేజీల్లో చదివే పుస్తకం. 2009 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసంలో ఆయన అడిగింది చిన్న ప్రశ్న: పాస్తాకు నిజంగా అన్ని నీళ్ళు కావాలా? 450 గ్రాముల పాస్తాను నాలుగైదు లీటర్లలో కాకుండా లీటరున్నర, రెండు లీటర్ల చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టి చూశాడు. మొదటి నిమిషాల్లో గరిటెతో కలుపుతూ ఉంటే చాలు, బాగానే ఉడికింది. పైగా గిన్నెలో మిగిలిన నీరు చిక్కగా, తెల్లగా, సాస్‌లో కలుపుకోవడానికి పనికొచ్చేలా తయారైంది. ఇటాలియన్ వంటకు అమెరికాలో పెద్దదిక్కులనదగ్గ మార్చెల్లా హజాన్, లిడియా బాస్టియానిచ్‌ల దగ్గరికి ఈ సంగతి తీసుకువెళ్ళి వాళ్ళ అభిప్రాయం కూడా అడిగాడు.

నాలుగేళ్ళకు, 2013లో, 'మార్తా స్టూవర్ట్ లివింగ్' పత్రిక ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇటలీ మడమ దగ్గరుండే పూల్యా ప్రాంతంలో చూసి వచ్చిన పద్ధతి అంటూ ఒక వంటకం అచ్చువేసింది. 340 గ్రాముల లింగ్వినీ, అంతే బరువు చెర్రీ టమాటాలు, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కాసిని ఎండుమిరప తునకలు, బేసిల్ రెమ్మలు, రెండు చెంచాల ఆలివ్ నూనె, నాలుగున్నర కప్పుల నీళ్ళు. అన్నీ చల్లగా ఉండగానే ఒకే వెడల్పాటి పాత్రలో వేసి, పెద్ద మంట మీద మరిగించి, కలుపుతూ 9 నిమిషాలు ఉడికించడం. అంతే. వార్చేది లేదు, రెండో గిన్నె లేదు. ఈ వంటకం ప్రపంచమంతా చుట్టి వచ్చింది. దాన్ని చూసి వండినవాళ్ళలో కొందరికి అద్భుతంగా కుదిరింది, కొందరికి జావలా వచ్చింది, ఇంకొందరికి అడుగు మాడింది. కొలతలు అవే. తేడా ఎక్కడ వచ్చింది?

నీళ్ళకు జమాఖర్చులు రాస్తే తెలుస్తుంది. నాలుగున్నర అమెరికన్ కప్పులంటే లీటరుకు కొంచెం ఎక్కువ, 1,065 మిల్లీలీటర్లు. టమాటాల్లో నూటికి 94 వంతుల దాకా నీరే కాబట్టి అక్కడి నుంచి మరో 320. జమ మొత్తం దాదాపు 1,385. ఇక ఖర్చు. పాస్తా తన బరువుకు ఒకటికి పావు, ఒకటిన్నర మధ్యలో నీరు తాగుతుంది. 340 గ్రాములకు 440 మిల్లీలీటర్లు అనుకుందాం. తర్వాతి పద్దు ఆవిరి. మరుగుతున్న లీటరు నీరు పూర్తిగా ఆవిరి కావాలంటే 2,257 కిలోజౌళ్ళ శక్తి కావాలి. అదే లీటరును సున్నా డిగ్రీల నుంచి వందకు తేవడానికి పట్టే దానికి ఇది ఐదు రెట్లకు పైనే. పెద్ద మంట మీద గిన్నెలోకి 2 కిలోవాట్ల వేడి చేరుతుందనుకుంటే 9 నిమిషాల్లో 1,080 కిలోజౌళ్ళు, అంటే సుమారు 480 మిల్లీలీటర్లు గాలిలో కలుస్తాయి. నిలవ తేలేది 460 చిల్లర. అందులో చాలావరకు టమాటా ముక్కల్లో, ఉల్లిపాయల్లో ఉండిపోతుంది. బయట మిగిలిందే సాస్.

ఈ పద్దుల్లో పాస్తా తాగేది ఎవరింట్లోనైనా ఇంచుమించు ఒకటే. మారేది ఆవిరి. మంట తగ్గినా, మూత పెట్టినా, వెడల్పు పాత్రకు బదులు లోతు గిన్నె తీసుకున్నా 480 కాస్తా 150కి పడిపోవచ్చు. ఆ తేడా అంతా పాస్తా చుట్టూ నిలిచిపోయి జావ అవుతుంది. అన్నం వండేవాళ్ళకు ఇది అనుభవమే. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల ఎసరు సరిపోయిందని నాలుగు గ్లాసులకు ఎనిమిది పోస్తే అన్నం మెత్తబడిపోతుంది. బియ్యం నాలుగింతలైనా గిన్నె మూతి నాలుగింతలు కాదు, ఆవిరి నాలుగింతలు పోదు. పాస్తా వంటకాల్లో కప్పుల లెక్క మాత్రమే చెప్పి గిన్నె, మంట, మూత సంగతి చెప్పని రచయితల మీద కాస్త కోపం రావడం న్యాయమే. ఎవరి పొయ్యి సంగతి వాళ్ళు తేల్చుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. పాస్తా వండబోయే గిన్నెలోనే లీటరు నీళ్ళు మరిగించి, వండబోయే మంట మీదే, మూత ఎలా పెడతామో అలాగే పెట్టి, పది నిమిషాలు ఉంచి, మిగిలింది కొలవాలి. తగ్గినంత ఆవిరి. ఒకసారి తెలిసిందంటే ఆ గిన్నె ఉన్నన్నాళ్ళూ ఆ లెక్క పనికొస్తుంది.

ఇక పాస్తా లోపలికి వెళ్దాం. ఎండు పాస్తా అంటే నీటితో కలిపి, అచ్చుల్లోంచి నొక్కి, ఆరబెట్టిన గోధుమ రవ్వ. బరువులో 70 శాతానికి పైగా స్టార్చ్, 12–13 శాతం మాంసకృత్తులు. స్టార్చ్ కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా ఉంటుంది. ఆ రేణువులను గ్లూటెన్ అనే మాంసకృత్తుల అల్లిక పట్టి ఉంచుతుంది. నీటి వేడి 60 డిగ్రీలు దాటుతుండగా రేణువులు నీరు తాగి ఉబ్బడం మొదలవుతుంది. ఇంకా వేడెక్కితే గ్లూటెన్ గట్టిపడి రేణువులను లోపలే బిగించి ఉంచాలని చూస్తుంది. ఉబ్బేదానికీ, బిగించేదానికీ మధ్య జరిగే ఈ పోటీలో గ్లూటెన్ గెలిస్తే పాస్తా విడివిడిగా, లోపల కాస్త పలుకుతో ఉంటుంది. స్టార్చ్ గెలిస్తే రేణువులు పగిలి స్టార్చ్‌లోని అమైలోజ్ అనే పదార్థం బయటికి కారి, పైభాగం జిగటగా మారి, ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి.

అందుకే ప్యాకెట్ వెనుక చిన్న అక్షరాలు చదవడం ముఖ్యం. పాస్తాకు తగిన గోధుమ డ్యూరమ్. రొట్టె గోధుమలో 42 క్రోమోజోములుంటే ఇందులో 28. గింజ గట్టిది, మరలో పడితే మెత్తటి పిండి కాకుండా పసుపుపచ్చటి రవ్వగా పగులుతుంది, గ్లూటెన్ బిగువైనది. ఇటలీలో ఎండు పాస్తాను డ్యూరమ్ రవ్వతోనే చేయాలని 1967లో చట్టమే చేశారు. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మాళ్వా ప్రాంతం ఈ గోధుమకు పేరు పడింది. కర్ణాటక, మహారాష్ట్ర వైపు ఉప్మాకు వాడే బన్సీ రవ్వ కూడా డ్యూరమే. కిరాణా కొట్లో విడిగా తూచి ఇచ్చే చవక మాకరోనీల్లో మైదా కలిసి ఉండవచ్చు. మూడు లీటర్ల నీళ్ళలో ఉడికించి వారిస్తే ఆ లోపం కొంత దాగుతుంది. అత్తెసరులో దాగదు, కారిన గంజి అంతా గిన్నెలోనే ఉంటుంది. నాలుగు రూపాయలు ఎక్కువైనా డ్యూరమ్ రవ్వ అని రాసి ఉన్నది కొనడమే లాభం. ఖర్చు తగ్గించుకోవడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి.

కారే గంజి మాత్రం శత్రువేమీ కాదు. మంచి పాస్తా కూడా ఉడికేటప్పుడు తన బరువులో 5–6 శాతం నీటిలోకి వదులుతుంది. 300 గ్రాములకు 15 గ్రాములు అనుకుందాం. మూడు లీటర్ల నీళ్ళలో అది అర శాతం; పలచటి తేట. అదే 15 గ్రాములు 300 మిల్లీలీటర్ల సాస్‌లో ఉంటే 5 శాతం. గరిటెకు అంటుకునేంత చిక్కదనం. హోటళ్ళలో క్రీమ్ పోసి తెప్పించే నునుపు ఇక్కడ ఊరికే వస్తుంది. ఈ చిక్కదనమే నూనెను చిన్న చిన్న బొట్లుగా పట్టి ఉంచి పైకి తేలనివ్వదు. ఉడికే నీళ్ళలో నూనె వేస్తే పాస్తా అంటుకోదని చాలామంది నమ్మకం. మూడు లీటర్ల గిన్నెలో అది నీటిపైన తేలుతూ సింకులోకే పోతుంది. ఒక్క గిన్నె పాస్తాలో వేసిన నూనె మాత్రం ప్రతి చుక్కా కంచంలోకి వస్తుంది.

వార్చడంలో పోయేవి ఇంకా ఉన్నాయి. బి1 విటమిన్ నీటిలో కరిగేది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కోస్తా ఆంధ్ర జిల్లాల్లో, అప్పటి ఉత్తర సర్కారుల్లో, బెరిబెరి జబ్బు తిష్ఠ వేసింది. మర పట్టిన తెల్ల బియ్యం తినడం, దాన్ని పదేపదే కడగడం, గంజి వార్చి పారబోయడం, ఈ మూడూ కలిసి ఆ విటమిన్‌ను కంచం దాకా రానివ్వలేదు. వారానికోసారి తినే పాస్తాతో ఎవరికీ బెరిబెరి రాదు, తగ్గదు. కానీ పారబోసే నీళ్ళలో ఏముందో గుర్తు పెట్టుకోవడానికి ఆ చరిత్ర పనికొస్తుంది.

అంటుకోకుండా ఉండే కిటుకు కూడా తెలుగు వంటింట్లో ఎప్పటి నుంచో ఉంది. సేమియా ఉప్మా చేసేవాళ్ళు ముందుగా సేమియాను నెయ్యిలోనో నూనెలోనో దోరగా వేయిస్తారు. వేయించని సేమియా ముద్దవుతుందని అందరికీ తెలుసు. కారణం ఇది: పొడి వేడికి పైపొరలోని మాంసకృత్తులు బిగుసుకుంటాయి, స్టార్చ్ కొంత విరిగి ఉబ్బే శక్తి తగ్గుతుంది, పైన నూనె పొర పడుతుంది. దాంతో పాటు ఎర్రబడిన గోధుమ వాసన అదనం. స్పెయిన్‌లోని వాలెన్సియా తీరంలో ఫిదెవా వండేవాళ్ళు, మెక్సికోలో ఫిదేయో చారు కాచేవాళ్ళు సన్న పాస్తాను ఇలాగే వేయించి, కొలత నీళ్ళలో ఇగిరిస్తారు. పూల్యా రాజధాని బారిలో 1960ల్లో పుట్టిన 'స్పగెట్టి అల్లస్సస్సీనా' ఇంకా దుందుడుకు వంటకం. ఉడికించని స్పగెట్టిని ఇనుప మూకుట్లో నూనె, టమాటాతో వేసి, టమాటా నీళ్ళు గరిటెడు గరిటెడు పోస్తూ, అక్కడక్కడా మాడనిస్తూ వండుతారు. సేమియా ఉప్మా ఈ కుటుంబంలోదే. పసుపు, జీలకర్ర, కరివేపాకు తేడా అంతే. హైదరాబాద్ కంపెనీ బాంబినో పేరు తెలియని తెలుగిల్లు అరుదు. ఆ ప్యాకెట్‌తో ఉప్మా చేసిన ప్రతి ఇల్లూ ఒక్క గిన్నె పాస్తా వండినట్టే లెక్క.

చవకగా, కడుపు నిండేలా, పిల్లలకు మాంసకృత్తులు కూడా అందేలా శాకాహార పాస్తా కావాలంటే చూడాల్సింది మళ్ళీ పూల్యానే. అక్కడి సలెంతో ప్రాంతంలో 'చీచెరి ఎ త్రియా' అనే పాత వంటకం ఉంది. శనగలు, పాస్తా. పాస్తాలో కొంత భాగాన్ని నూనెలో కరకరలాడేలా వేయించి కలుపుతారు. రోమ్‌లో ఇదే 'పాస్తా ఎ చెచి'. ఈ జోడీ చాలా పాతది: రోమన్ కవి హోరేస్ క్రీస్తు పూర్వం 1వ శతాబ్దంలో తన రాత్రి భోజనం గురించి చెబుతూ ఉల్లికాడ జాతి కూర, శనగలు, లగనా అనే గోధుమ పలకలు పేర్కొన్నాడు. మాంసం కొనలేని ఇళ్ళు శతాబ్దాల పాటు తిన్న తిండి ఇది. అందులో పోషణశాస్త్రం సరిగ్గా కుదిరింది. గోధుమ మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, శనగల్లో ఎక్కువ. శనగల్లో మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం కొరత, అది గోధుమ తీరుస్తుంది. పప్పన్నంలో జరిగేదీ ఇదే.

శనగలు తెలుగు నేలకు దగ్గరి పంట కూడా. కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్ళలో రబీలో విస్తారంగా పండుతాయి. అక్కడ బాగా పాకిన జేజీ-11 దేశవాళీ రకం తయారీలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థకు భాగముంది. పాస్తాకు పెద్ద గింజల కాబూలీ శనగలు బాగుంటాయి, నల్ల శనగలైనా పరవాలేదు. వంద గ్రాముల చీజ్‌ ధరకు ఇంటిల్లిపాదికి సరిపడా శనగలు వస్తాయి. పొదుపు ఇక్కడుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. శనగలు, టమాటాలు ఒకేసారి వేస్తే శనగలు ఉడకవు. గింజ కణాల మధ్య జిగురులా ఉండేది పెక్టిన్. అది కరిగితేనే గింజ మెత్తబడుతుంది. టమాటా పులుపు ఆ కరగడాన్ని అడ్డుకుంటుంది. బోరు నీళ్ళలో పప్పు ఉడకదని ఊళ్ళలో చెప్పేది కూడా పెక్టిన్ కథే: కఠిన జలంలోని కాల్షియం పెక్టిన్‌ను ఇంకా బిగిస్తుంది. వంటసోడా చిటికెడు వేస్తే త్వరగా ఉడుకుతాయి గానీ బి1 విటమిన్ చెడుతుంది. రాత్రంతా నానబెట్టి, మంచినీళ్ళతో కుక్కర్లో ముందే ఉడికించుకోవడం మేలు. పాస్తా విషయంలో మాత్రం ఇదే పులుపు మేలు చేస్తుంది. కొద్దిగా పుల్లటి నీళ్ళలో ఉడికిన పాస్తా తక్కువ గంజి వదులుతుంది, తక్కువ అంటుకుంటుంది.

ఇప్పుడు పొయ్యి దగ్గరికి. నలుగురికి: 300 గ్రాముల డ్యూరమ్ పెన్నే లేదా మాకరోనీ, 100 గ్రాముల శనగలు నానబెట్టి ఉడికించినవి, ఆ ఉడికిన నీళ్ళు, అరకిలో పండు టమాటాలు, ఒక పెద్ద ఉల్లిపాయ, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు, మూడు పెద్ద చెంచాల నూనె, ఒక కట్ట పాలకూర, 8 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాతో ఒకటిన్నర. ఉప్పు దగ్గర జాగ్రత్త. ఇటలీ లెక్క ప్రకారం 30 గ్రాములు వేస్తే ఇక్కడ వార్చడం లేదు కాబట్టి అంతా కంచంలోకే వస్తుంది, నోట పెట్టలేరు. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనిషికి 2 గ్రాములంటే ఒక పూటకు చాలు. ఉప్పు వేస్తే నీళ్ళు ఎక్కువ వేడెక్కి పాస్తా త్వరగా ఉడుకుతుందనే మాటలోనూ పస లేదు. లీటరుకు 10 గ్రాములు వేస్తే మరిగే ఉష్ణోగ్రత పెరిగేది డిగ్రీలో ఐదో వంతు కూడా కాదు.

అడుగు మందంగా ఉన్న వెడల్పు గిన్నెలో నూనె కాగాక వెల్లుల్లి, ఎండుమిర్చి, ఉల్లిపాయ వేయాలి. ఉల్లి అంచులు ఎర్రబడుతుండగా పాస్తాను పొడిగానే వేసి రెండు మూడు నిమిషాలు తిప్పాలి. లేత పసుపు రంగు కాస్త గోధుమ రంగుకు తిరిగి, కాల్చిన రొట్టె వాసన వస్తుంది. అప్పుడు సన్నగా తరిగిన టమాటాలు, ఉప్పు. టమాటా నీరు వదిలి చప్పుడు తగ్గుతుంది. గరిటెతో నలిపితే అడుగున పట్టిన ఎర్రటి పొర అందులో కరుగుతుంది. నూనెలో ఇలా మగ్గితే టమాటాలోని ఎర్ర రంగు పదార్థం, లైకోపీన్, పచ్చి టమాటాలో కంటే ఒంటికి బాగా పడుతుంది. ఆపైన శనగలు, వాటి నీళ్ళతో కలిపి 700 మిల్లీలీటర్ల వేడి నీళ్ళు. లెక్క ఇలా ఉంటుంది: పాస్తా తాగడానికి 400, ఓరగా మూత పెడితే ఆవిరికి 150, సాస్‌కు మిగలాల్సింది 300 పైచిలుకు, టమాటాలు అందించేది సుమారు 470, అందులో మగ్గేటప్పుడు కొంత పోతుంది. అందుకే 700లో 100 పక్కన ఉంచుకుని చివర్లో అవసరమైతేనే పోయడం తెలివైన పని. తక్కువైతే పోయవచ్చు, ఎక్కువైతే తీయలేం.

తెర్లగానే మంట తగ్గించాలి. మరిగే నీరు 100 డిగ్రీలకు మించి వేడెక్కదు. మంట పెంచితే ఆవిరి పెరుగుతుంది, అడుగంటుతుంది, పాస్తా ఒక్క నిమిషం కూడా ముందు ఉడకదు. మొదటి రెండు మూడు నిమిషాలు కలపడం మానకూడదు, పైపొర జిగటగా ఉండే సమయం అదే. తర్వాత రెండు నిమిషాలకోసారి అడుగు తగిలేలా కలిపితే చాలు. గిన్నె అంచుల్లో తెల్లటి నురగ లేస్తుంది: గంజి, మాంసకృత్తులు బుడగల చుట్టూ పొర కట్టి అవి పగలకుండా కాపాడతాయి, అందుకే పొంగుతుంది. మూత ఓరగా పెట్టడం దానికే. ఈ నురగ వల్లే పాస్తాను కుక్కర్లో వండేటప్పుడు సగానికి మించి నింపకూడదు. విజిల్ గొట్టంలోకి గంజి ఎక్కితే ప్రమాదం.

ప్యాకెట్ మీద 10 నిమిషాలని ఉంటే ఈ పద్ధతిలో 12 దాకా పడుతుంది. చిక్కటి సాస్‌లో నీరు పాస్తాలోకి మెల్లగా చేరుతుంది. ఊరి ఎత్తు కూడా కొంచెం కలుస్తుంది: సముద్ర మట్టానికి 540 మీటర్ల దరిదాపుల్లో ఉన్న హైదరాబాద్‌లో నీరు 98 డిగ్రీల చిల్లరకే మరుగుతుంది, విజయవాడలో ఇంచుమించు వంద. ఒక ముక్కను గోటితో విరిచి చూడాలి. మధ్యలో సూది మొన అంత తెల్ల చుక్క మిగిలి ఉంటే అదే సమయం. పాలకూర వేసి, స్టవ్ కట్టేసి, మూత బిగించి మూడు నిమిషాలు వదిలేస్తే ఆ చుక్క పోతుంది, ఆకు వాడుతుంది, సాస్ చిక్కబడుతుంది. పొడవాటి స్పగెట్టి అయితే గిన్నెలో పట్టక సగానికి విరచాల్సి వస్తుంది. ఇటాలియన్లకు అది నచ్చదు. పైగా అది రెండుగా కాక మూడు నాలుగు ముక్కలుగా చిట్లుతుంది. ఎందుకలా అని భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ తల పట్టుకున్న సమస్యకు ఇద్దరు ఫ్రెంచి పరిశోధకులు 2005లో జవాబు చెప్పారు. మొదటి విరుపుతో పుట్టిన కంపనాలే మిగతా విరుపులకు కారణం. పొట్టి పాస్తా కొంటే ఈ గొడవ లేదు.

చీజ్ తప్పనిసరి కాదు. వేయాలనుకునే శాకాహారులు ఒక సంగతి తెలుసుకోవాలి. అసలైన ఇటాలియన్ పార్మిజానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ అనే ఎంజైమ్ వాడతారు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూసి కొనుక్కోవాలి. మామూలు ప్రాసెస్డ్ చీజ్ క్యూబుకు ఇక్కడ ఒక సుగుణం కూడా ఉంది: అందులో కలిపే సిట్రేట్, ఫాస్ఫేట్ లవణాల వల్ల కరిగినా గడ్డకట్టదు. పాత పద్ధతి చీజ్ ఎందుకు గడ్డలు కడుతుందో 2025లో ఇటాలియన్ భౌతికశాస్త్రవేత్తల బృందం ఒకటి లెక్క తేల్చింది. చీజ్ బరువులో 2–3 శాతం స్టార్చ్ ఉంటే సాస్ నునుపుగా నిలుస్తుంది, 1 శాతం కంటే తగ్గితే ఉండలు కడుతుంది. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి ఆ ఏడాది భౌతికశాస్త్రంలో వీళ్ళకే దక్కింది. ఒక్క గిన్నె పాస్తాలో అంతకు మించి స్టార్చ్ ముందే సిద్ధంగా ఉంటుంది. స్టవ్ కట్టేసి, కాస్త చల్లారాక తురిమి వేస్తే చాలు.

గ్యాసు ఎంత మిగులుతుంది? మూడు లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 100కి తేవడానికి 940 కిలోజౌళ్ళు కావాలి. మంట వేడిలో నూటికి 65 వంతులు గిన్నెకు చేరుతుందనుకుంటే కాలేది 31 గ్రాముల ఎల్పీజీ. ఒక్క గిన్నె పద్ధతిలో నీళ్ళు, టమాటాలు కలిపి లీటరుంబావు లోపే. అందుకు 13 గ్రాములు. 14.2 కిలోల సిలిండర్ ముందు ఈ 18 గ్రాముల తేడా పెద్దదేం కాదని ఒప్పుకోవాలి. వేయించడానికి, మగ్గడానికి పట్టే మంట కూడా ఉంది, సాస్ ఎలా చేసినా అది తప్పదు. కంటికి కనిపించే లాభం వేరే చోట ఉంది: మూడు లీటర్లు తెర్లడానికి పట్టే ఎనిమిది నిమిషాలు, రెండో బర్నర్, తోమాల్సిన రెండు గిన్నెలు.

మంట మీద ఇంకా పొదుపు చేయవచ్చని 2022 సెప్టెంబరులో ఇటలీలో పెద్ద చర్చే నడిచింది. యుక్రెయిన్ యుద్ధంతో గ్యాసు ధరలు మండిపోతున్న రోజులవి. నీళ్ళు మరిగాక పాస్తా వేసి, రెండు నిమిషాలకు స్టవ్ ఆపేసి మూత పెట్టి వదిలేయమంటూ ఒకరు రాసిన సలహాను, అంతకు ముందు ఏడాదే భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జోర్జో పరీసీ ఫేస్‌బుక్‌లో సమర్థించారు. వేడిలో ఎక్కువ భాగం ఆవిరితోనే పోతుందని, మూత గట్టిగా ఉంటే నష్టం తగ్గుతుందని ఆయన వాదన. పేరున్న వంటవాళ్ళు కొందరు మండిపడ్డారు. అలా వండితే పాస్తా రబ్బరులా అవుతుందన్నారు. పాస్తా తయారుచేసే బరిల్లా కంపెనీ మాత్రం ఈ పద్ధతిని సమయాల పట్టికతో సహా ప్రచారం చేసింది. సైన్సు పరంగా పరీసీ మాట తప్పు కాదు: స్టార్చ్ ఉబ్బడానికి, గ్లూటెన్ గట్టిపడడానికి నీరు తెర్లుతూనే ఉండాల్సిన పని లేదు, 80 డిగ్రీల పైన నిలిస్తే చాలు. నీరు ఎక్కువగా ఉన్న బరువైన గిన్నె ఆ వేడిని నిలుపుకుంటుంది. అత్తెసరు గిన్నెలో నీరు తక్కువ, కాబట్టి వేడీ తక్కువే నిలుస్తుంది. దీనికి చివరి మూడు నాలుగు నిమిషాలు ఆపేసి వదిలేయడం వరకే కుదురుతుంది, సగం వంటలో ఆపితే మధ్యలో పచ్చి మిగులుతుంది.

వడ్డించేటప్పుడు సాస్ ఇంకా కాస్త జారుగా ఉన్నట్టు కనిపించడమే మంచిది. కంచంలో పడ్డాక కూడా పాస్తా నీరు తాగుతూనే ఉంటుంది, చల్లారే కొద్దీ గంజి గట్టిపడుతుంది. పది నిమిషాలు ఆలస్యంగా కూర్చున్నవాళ్ళకు అదే పాస్తా బిరుసుగా తగులుతుంది. మర్నాడు పిల్లల బాక్సులో పెట్టాలనుకుంటే ఆ భాగాన్ని పలుకుండగానే తీసి, కాస్త సాస్ ఎక్కువ వేసి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున్నే బాణలిలో రెండు మూడు చెంచాల నీళ్ళు చిలకరించి, మూత పెట్టి సన్నసెగ మీద వేడి చేస్తే రాత్రి బిగుసుకున్న స్టార్చ్ మళ్ళీ సడలుతుంది. నీళ్ళు లేకుండా వేడి చేస్తే మాత్రం సాస్ అడుగంటుతుంది, పాస్తా గట్టిగానే ఉండిపోతుంది.